పదవి పుచ్చుకో, పీట వేసుకోకు

వజ్రకరూరు



అమ్మీ,

నీ ఉత్తరం చేరింది. అనంతపురంలో ఆ సాహిత్య ట్రస్టు వాళ్లు నిన్ను కార్యదర్శిగా ఉండమన్నారనీ, జీతం కొంచెమే అయినా పని చాలా ఉందనీ, ఒప్పుకుంటే కవిత్వం మూలపడుతుందేమోనని భయంగా ఉందనీ రాశావు. చివర్లో "నువ్వయితే ఏం చేస్తావత్తా?" అని అడిగావు. నా సంగతి పక్కన పెట్టు. నువ్వు ఒప్పుకో. మూడేళ్లకు ఒప్పుకో, బాగా నడిస్తే ఇంకో మూడేళ్లు ఉండు. ఆపైన ఒక్క రోజు కూడా ఆ కుర్చీలో కూర్చోవద్దు. ఈ రెండు మాటలకు కారణాలు చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

మీ నాయన ఏమని ఉంటాడో నాకు తెలుసు. "కవిత్వం రాసుకునే పిల్లకు చందా రశీదులెందుకు?" అని ఉంటాడు. మా అన్న మాట వినసొంపుగానే ఉంటుంది గానీ, జరిగిన చరిత్ర అలా లేదు. తెలుగులో పక్కవాడి రాతను పట్టించుకున్న సంస్థల్లో చాలావాటిని కవులే భుజాన వేసుకున్నారు. 1919లో తెనాలిలో సాహితీ సమితి పెట్టిన తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి కవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, విశ్వనాథ, నండూరి సుబ్బారావు లాంటి వాళ్లకు అది కలిసి కూర్చునే చోటయింది. 1943లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. నిజాం ఏలుబడిలో తెలుగు చదువుకు దారి లేని రోజుల్లో పరీక్షలు పెట్టి మరీ జనానికి తెలుగు నేర్పింది. దేవులపల్లి రామానుజరావు దాన్ని దశాబ్దాల తరబడి మోశారు. తర్వాత సి. నారాయణ రెడ్డి 2017లో కన్నుమూసేదాకా అధ్యక్షుడిగా ఉన్నారు. ఇప్పుడది తెలంగాణ సారస్వత పరిషత్తు. మనుషులు మారారు, పేరు మారింది, సంస్థ ఉంది. ఆ ఉండటమే నాకు ముఖ్యం.

అంత దూరం పోనక్కర్లేదు, మన ఉమ్మడి జిల్లానే చూడు. శ్రీ సాధన పత్రిక కంటే ముందు అనంతపురంలో కొందరు పండితులు తమ పేర్లు బయట పెట్టకుండా "వదరుబోతు" పేరుతో వ్యాసాలు రాసేవాళ్లు. రాసినవన్నీ దొరకలేదు. దొరికిన వాటిని 1930ల్లో సాధన ముద్రణాలయం పుస్తకంగా వేసింది. తెలుగు వ్యాసం గురించి ఎవరు రాసినా ఇప్పుడు ఆ పేరు చెప్పక తప్పదు. ఆ పుస్తకం రాకపోయుంటే అవన్నీ చెదలకు పోయేవి. ఆ ప్రెస్సు పప్పూరు రామాచార్యులది. 1926 ఆగస్టులో శ్రీ సాధన పత్రిక మొదలుపెట్టిన మనిషి. కరువు జిల్లాలో, చదువొచ్చినవాళ్లే తక్కువైన కాలంలో, చందాల మీద పత్రిక నడపడమంటే ఎంత మొండితనం ఉండాలో నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నాక నీకే తెలుస్తుంది.

తర్వాత విద్వాన్ విశ్వం. తరిమెలలో పుట్టిన మనిషి. తరిమెల నాగిరెడ్డితో కలిసి నవ్య సాహిత్యమాల అని పుస్తకాలు వేసే సంస్థ నడిపాడు. యుద్ధాన్ని గురించి వేసిన పుస్తకానికి ఇద్దరూ జైలుకు పోయారు. పెన్నేటి పాట రాసిన ఆ చెయ్యే ఆంధ్రప్రభ వారపత్రికలో కూర్చుని ఏళ్ల తరబడి ఊరూపేరూ లేనివాళ్ల రాతలు దిద్ది అచ్చేసింది. హిందూపురంలో కల్లూరు అహోబలరావు సంగతి మీ తరానికి బొత్తిగా తెలియదు. ఆయనా కవే. శ్రీకృష్ణదేవరాయ గ్రంథమాల నడిపాడు. రాయలసీమ రచయితల చరిత్రను నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఏం రాశారు, ఏది అచ్చయింది, ఏది అటక మీద ఉండిపోయింది అని ఊరూరా కూడబెట్టిన వివరమది. ఇప్పటికీ మన సీమ రచయితల మీద పరిశోధన చేసే పిల్లలు ముందు ఆ సంపుటాల కోసమే వెతుక్కుంటారు. ఆయన పద్యాలు నాకు పెద్దగా గుర్తులేవు. ఆ సంపుటాలను మాత్రం మరిచిపోలేను. అది తక్కువ కీర్తి అని నేననుకోను.

ఇక మనకు బాగా దగ్గరివాడు రాధేయ. చేనేతవాళ్ల బతుకు మీద "మగ్గం బతుకు" దీర్ఘకవిత రాసిన కవి. 1988 నుంచి తన ఇంటిపేరుతో ఉమ్మడిశెట్టి సాహితీ అవార్డు ఇస్తున్నాడు, ఏటా ఒక వచన కవితా సంపుటికి. దాని వెనక సర్కారు లేదు, కంపెనీ లేదు. అనంతపురంలో ఒక తెలుగు మాస్టారి ఇల్లు ఉంది. ఆ ఇంటికి తెలుగు నేల నలుమూలల నుంచీ కవితా సంపుటాలు వస్తాయి. వాటిని విప్పాలి, వరస పెట్టాలి, న్యాయనిర్ణేతలకు పంపాలి, వాళ్లను గుర్తుచేయాలి, ఫలితం చెప్పాలి, రానివాళ్ల అలక భరించాలి, సభ పెట్టాలి. మళ్లీ ఏడాది మొదటికి రావాలి. అవార్డు కింద ఇచ్చే డబ్బెంత అని అడిగేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. దాని విలువ మూడు దశాబ్దాలు దాటినా ఆగకుండా నడవడంలో ఉంది. హైదరాబాదులో, విజయవాడలో కూర్చున్నవాళ్లు కూడా తమ పుస్తకాన్ని అనంతపురం పంపి ఫలితం కోసం చూస్తున్నారంటే, ఒక కవి నిక్కచ్చిగా నడుచుకుని సంపాదించిన మర్యాద అది. ట్రస్టులో చేరిన మొదటి వారమే పోయి ఆయన దగ్గర కూర్చో. పని ఎలా చేయాలో పుస్తకాలు చెప్పవు, అలాంటి మనుషులు చెబుతారు.

అయినా మీ ట్రస్టు ఇంకో అవార్డు పెడతానంటే మాత్రం వద్దని చెప్పు. ఇప్పటికే తెలుగులో అవార్డులు చాలినన్ని ఉన్నాయి. తొలకరి పడగానే మన ఊరి చేలలోకి దిగే జనాన్ని చూస్తూనే పెరిగావు కదా. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గుడుల్లో, చెట్ల కింద పడుకుని, పొద్దున లేచి నేల మీద కళ్లు పెట్టుకుని వజ్రాల కోసం నడుస్తారు. ఎవరికో ఒక రాయి దొరుకుతుంది, అది పేపర్లో పడుతుంది. మిగతావాళ్లు నడుములు పట్టుకుని ఊళ్లకు పోతారు. విత్తనం వేద్దామనుకున్న రైతు తొక్కిడిపడిన చేను చూసి తిట్టుకుంటాడు. అవార్డుల మీదే బతికే సాహిత్య సంస్థ కూడా అంతే. ఒక్కరి పేరు పైకొస్తుంది, చేను మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నీ డబ్బు చేనుకు పెట్టు.

చేను అంటే ఏమిటంటావా? చదివేవాళ్లు. తెలుగులో కవితా సంపుటి ఎలా వస్తుందో నీకు తెలియంది కాదు. కవి సొంత డబ్బు పెట్టి ఐదు వందల కాపీలు వేయించుకుంటాడు. ఆవిష్కరణ నాడు ఓ నలభై పోతాయి. వంద దాకా "అభిమానంతో" అని సంతకం పెట్టి పంచుతాడు. మిగిలినవి మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. వాటిని పోస్టులో పంపుదామన్నా మునుపటిలా కాదు. పుస్తకాలకు చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 చివర్లో ఎత్తేసింది. అప్పుడు వంద రూపాయల పుస్తకాన్ని చేర్చడానికి అయ్యే ఖర్చు కవిని భయపెట్టింది. ఇక్కడే మీ ట్రస్టుకు పని ఉంది. అచ్చుకు సాయం చేయడం కంటే, అచ్చయినదాన్ని చదివేవాడి చేతికి చేర్చే సాయం చేయి.

మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతుంది. ఆ డబ్బు పంచాయతీల నుంచీ మున్సిపాలిటీల నుంచీ జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ కావడం లేదన్నది పాత గోల. ఆ గోల మనకెందుకులే అనుకోకు. శాఖా గ్రంథాలయంలో కొత్త కవిత్వం పుస్తకం ఒక్కటైనా లేకపోతే ఉరవకొండలో పదో తరగతి పిల్ల కవిత్వమంటే పాఠ్యపుస్తకంలో ఉన్నదే అనుకుంటుంది. మీ ట్రస్టు తరఫున ఏటా యాభై పుస్తకాలు ఎంపిక చేసి, కవుల దగ్గర డబ్బిచ్చి కొని, మండలానికో సెట్టు చొప్పున గ్రంథాలయాలకు ఇవ్వు. ఉచితంగా అడగొద్దు. డబ్బిచ్చి కొను. కవి పుస్తకానికి వెల కట్టే అలవాటు మన దగ్గర పోయింది, దాన్ని తిరిగి తేవాలి.

పుస్తకానికే కాదు, కవికి కూడా అంతే. నేను పెట్టెలో దాచుకున్న శాలువాలతో ఒక వసారాకు పందిరి వేయొచ్చు. బస్సు చార్జీలు ఇచ్చిన సభలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక ఊళ్లో నన్ను పొద్దున పది గంటలకు పిలిచారు. సాయంత్రం దాకా వేదిక మీద పెద్దలే మాట్లాడారు, చీకటి పడ్డాక కవులకు మనిషికి రెండు నిమిషాలన్నారు. ఆఖరి బస్సు పోయింది. ఆ ఊరి పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి ప్రయోజనమూ లేదు. నువ్వు పెట్టే సభలో శాలువా ఉండకూడదు, పూలదండ ఉండకూడదు. ఆ డబ్బుతో వచ్చిన ప్రతి కవికీ చార్జీలు, భోజనం, చిన్నదో పెద్దదో గౌరవవేతనం ఉండాలి. అది కూడా కవరులో పెట్టి రహస్యంగా ఇవ్వకుండా, ఖాతాలో వేసి రశీదు తీసుకో. నాయకులు వస్తామంటే రానీ, ముందు వరసలో కూర్చోబెట్టు. కవిత్వం వినిపించు. మైకు మాత్రం ఇవ్వొద్దు.

సాహిత్యం అంటే పుస్తకమే అనుకోకు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులు ఉన్నారు. వాళ్లలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల నోట ఉండే రామాయణం, వాళ్ల చమత్కారం, హాస్యగాళ్ల మాటలు ఎవరు రాసిపెట్టారు? పెళ్లిళ్లలో మన ముసలమ్మలు పాడే పాటలు, చెనక్కాయలు పీకేటప్పుడు కూలివాళ్లు కట్టే పదాలు ఎవరి దగ్గరున్నాయి? అదీ గాక మనది సరిహద్దు. బళ్లారి మనకు హైదరాబాదు కంటే దగ్గర. మన వీధిలో ఒక ఇంట కన్నడం, ఒక ఇంట ఉర్దూ, ఒక ఇంట తెలుగు వినబడుతుంది. మీ ట్రస్టు తెలుగు ట్రస్టే కావచ్చు. అయినా ఏడాదికి ఒక్కసారైనా బళ్లారి నుంచి ఒక కన్నడ కవిని పిలిపించి, ఆ కవితలను తెలుగు చేయించి ఇద్దరినీ ఒకే వేదిక మీద చదివించు. అనువాదం చేసినవాళ్లకు కూడా డబ్బివ్వు. అనువాదకులకు డబ్బివ్వడం మన దగ్గర ఇంకా వింతగానే ఉంది.

డబ్బు సంగతికి వద్దాం. నీకు దీని మీదే భయం ఎక్కువ. సి.పి. బ్రౌన్ మన కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు పోగేసి, ప్రతులు రాయించి అప్పుల పాలయ్యాడు. ఆ పని గొప్పది. ఆ పద్ధతి మాత్రం నీకు వద్దు. సొంత డబ్బుతో, సొంత అప్పుతో సాహిత్య సేవ చేసినవాళ్లను మనం దేవుళ్లను చేసి పూజిస్తాం, వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు ఏం అమ్ముకున్నారో ఎవరూ అడగరు. నేను అడుగుతాను.

అదే బ్రౌన్ బంగళా ఉన్న చోట అదే బ్రౌన్ పేరుతో గ్రంథాలయం కట్టించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి మన రాయదుర్గంలో పుట్టినవాడు. ఆయన సొంత ఆస్తి కరగబెట్టలేదు. చెయ్యి చాచాడు. కడప జిల్లా రచయితల సంఘం కార్యదర్శిగా గడప గడపకూ తిరిగి, ఇచ్చినవాడి దగ్గర తీసుకుని, ఇవ్వనివాడి దగ్గరకు మళ్లీ వెళ్లి కూడబెట్టాడు. ఆఖరికి ఆ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. 2014లో ఆయన పోయారు. గ్రంథాలయం తలుపులు తెరిచే ఉన్నాయి. చెయ్యి చాచడం చిన్నతనం కాదని ఆయన్ని చూసి నేర్చుకో.

ఒక ఆడమనిషి కథ కూడా చెబుతాను. ఆమె పేరు హారియెట్ మన్రో, అమెరికాలో షికాగో నగరపు కవి. తన కవితను ఒక పత్రిక అనుమతి లేకుండా వేసుకుంటే కోర్టుకెక్కి ఐదు వేల డాలర్ల పరిహారం గెలిచిన గట్టి మనిషి. 1911లో కవిత్వం కోసమే ఒక పత్రిక పెడదామనుకుంది. పెద్ద ధనవంతుడొకడిని పట్టుకోకుండా, ఊళ్లో వ్యాపారులనూ వకీళ్లనూ ఒక్కొక్కరినే కలిసి, ఏడాదికి 50 డాలర్ల చొప్పున ఐదేళ్లు ఇస్తామని దాదాపు వంద మందితో మాట తీసుకుంది. 1912లో "పొయిట్రీ" పత్రిక మొదలైంది. ఆ డిసెంబరు సంచికలోనే మన టాగూరు కవితలు వచ్చాయి, నోబెల్ రావడానికి ముందే. 1915లో అప్పటికి ఎవరికీ తెలియని ఎలియట్ కవిత అచ్చయింది. కవులకు డబ్బిచ్చి వేసింది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. 2002లో రూత్ లిల్లీ అనే సంపన్నురాలు దానికి దాదాపు పది కోట్ల డాలర్లు ఇస్తానంది. ఆమె పంపిన కవితలను ఆ పత్రిక అంతకు ముందు తిప్పి పంపిందట! తిప్పి పంపినా సంపాదకులు మర్యాదగా జవాబు రాసేవాళ్లట. కాబట్టి అమ్మీ, నచ్చని కవితకు కూడా మర్యాదగా జవాబు రాయి. అలా రాస్తే కోట్లొస్తాయని కాదు, రాసినవాళ్లు మనుషులు గనుక.

మన లెక్కలో చెప్పాలంటే, ఏడాదికి రెండు వేలు ఇచ్చేవాళ్లు వంద మంది ఉంటే రెండు లక్షలు. ఐదేళ్లకు మాట తీసుకో. అనంతపురంలో డాక్టర్లున్నారు, గుంతకల్లులో రైల్వే ఉద్యోగులున్నారు, మన మండలాల నుంచి బెంగళూరు పోయి స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. రెండు లక్షలు ఒక్కడే ఇస్తానంటే ముందు అనుమానించు. ఆ ఒక్కడు అలిగిన రోజు నీ ట్రస్టు మూతపడుతుంది. వంద మందిలో పది మంది అలిగినా బండి నడుస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా ఇస్తామంటారు. అమెరికాలో తానా 1977 నుంచి ఉంది, హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ 1994 నుంచి ఉంది. తెలుగు పుస్తకం మీద వాళ్లకు మమకారం ఉంది. అయితే ఒక్క సంగతి తెలుసుకో. మన దేశపు పాస్‌పోర్టు ఉన్నవాడు దుబాయి నుంచో అమెరికా నుంచో తన సంపాదనలోంచి పంపితే అది మన డబ్బే. అతను ఆ దేశపు పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద అనుమతి కావాలి. అనుమతి లేకుండా వచ్చిన డబ్బు ఎంత మంచి మనసుతో వచ్చినా తిప్పి పంపెయ్. మొహమాటపడితే ట్రస్టు మొత్తం చిక్కుల్లో పడుతుంది.

కాగితాల మీద నీకు విసుగని తెలుసు. అయినా వినాల్సిందే. మీది ట్రస్టే గానీ, మండలాల్లో చిన్న చిన్న సాహిత్య సంఘాలు పెట్టుకోవాలనుకునే పిల్లలు సలహా కోసం నీ దగ్గరికే వస్తారు. వాళ్లకు చెప్పు: ఏడుగురు కలిస్తే 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒక్కడి పేరు మీద బ్యాంకు ఖాతా ఉంటే అది సంఘం కాదు, వాడి ఇల్లు. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం, ఆడిట్ తప్పనిసరి. దాతకు పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు తెచ్చుకోవాలి. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు ఆ మినహాయింపు దక్కదు కాబట్టి చెక్కో ఆన్‌లైనో అని ముందే చెప్పాలి. లెక్కలను ఏటా అచ్చేసి చందాదారులందరికీ పంపు. టీ ఖర్చు, పోస్టు ఖర్చు, ఆటో ఖర్చు అన్నీ అందులో ఉండనీ. లెక్క చూసినవాడు మరుసటి ఏడు అడగకుండానే ఇస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లు ట్రస్టు డబ్బుతో నీ పుస్తకం రాకూడదు. నీ మీద సభ జరగకూడదు. ట్రస్టు తెచ్చే సంకలనంలో నీ కవిత ఉండకూడదు. నా పుస్తకం గ్రంథాలయాల సెట్టులో పెట్టమని ఎవరైనా అన్నా పెట్టొద్దు. అత్త కదా అని మొహమాటపడకు, నేనే అడిగినా వద్దను. నీకు ఇష్టమైన కవిత్వం ఒకటి ఉంటుంది, నచ్చనిది ఒకటి ఉంటుంది. నచ్చనిదానిలో మంచిదాన్ని గుర్తుపట్టడమే నీ ఉద్యోగం. పద్యం రాసేవాడు, గజల్ రాసేవాడు, విప్లవ కవి, భక్తి కవి, దళిత కవి, పొలం గట్టున కూర్చుని ఫోనులో టైపు చేసే పిల్లాడు, అందరూ ఆ గడప తొక్కాలి. ఎంపికలన్నీ నువ్వే చేయకు. ఏటా ముగ్గురిని పెట్టు, ఏటా మార్చు, వాళ్ల పేర్లు ముందే ప్రకటించు. అందులో ఒకరు మన జిల్లా బయటివాళ్లు కావాలి. మన జిల్లాలో అందరూ అందరికీ చుట్టాలే కదా, అందుకు.

నీ భయం దగ్గరికి వస్తాను. కవిత్వం పోతుందా? పోవచ్చు, నీకు అబద్ధం చెప్పను. శివశంకరశాస్త్రిని ఇప్పుడు ఎక్కువమంది సాహితీ సమితి సభాపతిగానే చెప్పుకుంటారు, ఆయన "హృదయేశ్వరి" చదివినవాళ్లు ఎంతమంది? హారియెట్ మన్రో కవితలు ఎవరూ చదవరు, ఆమె పత్రిక చదువుతారు. మరోవైపు నారాయణ రెడ్డి ఆచార్యుడుగా, అధికార భాషా సంఘంలో, రెండు విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా పని చేస్తూనే ఏటా తన పుట్టినరోజు జూలై 29న ఒక పుస్తకం తెచ్చేవారు. ఆయన్ని కొలబద్దగా పెట్టుకోవద్దు, అలాంటి మనిషి తరానికొకరు పుడతారు. కుందుర్తిని చూడు. ప్రభుత్వోద్యోగం చేస్తూ 1956లో "తెలంగాణ" కావ్యం తెచ్చి, 1960ల్లో ఫ్రీవర్స్ ఫ్రంట్ నడిపి వచన కవులకు ఏటా అవార్డిచ్చి, 1977లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. ఆయనకు సంస్థా, కవిత్వమూ ఒకే వాదం. వచన కవిత నిలబడాలన్నదే రెండిటికీ లక్ష్యం. నీకు అలాంటి పట్టుదల ఒకటి ఉంటే పని నీ రాతను తినదు. పదవి కోసం పోతే తింటుంది.

పద్ధతిగా చెప్పాలంటే, తొమ్మిది లోపల ఫోను ఎత్తకు. పొద్దుటి పూట నీది. ఆఫీసు కాగితం మీద కవిత రాయొద్దు, కవితల నోట్‌బుక్కులో చందాల లెక్క రాయొద్దు. నెలలో ఒక వారం ఎవరి రాతా చదవొద్దు. ఇతరుల వ్రాతప్రతులు ఎక్కువ చదివితే వాళ్ల లయ నీ చెవిలో ఉండిపోతుంది. దానికి వైద్యం మౌనమే. మన చెరువుకట్ట మీదకు వచ్చి రెండు రోజులు ఉండిపో, వంట నేను చేస్తాను, మాట్లాడించను.

మూడేళ్ల గడువు ఎందుకన్నానో నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కుందుర్తి 1982లో పోయారు. ఫ్రీవర్స్ ఫ్రంట్ ఆయనతో ఆగలేదు, శీలా వీర్రాజు దాన్ని ఎత్తుకున్నారు. వీర్రాజు కవి, నవలాకారుడు, చిత్రకారుడు, ఎంతోమంది పుస్తకాలకు ముఖచిత్రాలు వేసిన మనిషి. ఆయనకు ఇంకొకరి సంస్థను నడిపించే అవసరం ఏమీ లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు తనకు వచ్చిన పురస్కారాల డబ్బుతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. ఆయన 2021లో వెళ్లిపోయినా అక్కడ కథలు భద్రంగా ఉన్నాయి, వెతుక్కునేవాళ్లకు దొరుకుతున్నాయి. ఈ సంస్థలకు తర్వాతి మనుషులు దొరికారు. మన దగ్గర సాహిత్య సంఘాలు ఎక్కువగా ఎలా చనిపోతాయో తెలుసా? డబ్బు లేక కాదు. పెట్టిన మనిషి పోయినా, ముసలివాడైనా, మంచం పట్టినా కుర్చీ ఇంకొకరికి ఇవ్వక. అందుకే నీకు గడువు పెట్టాను. మొదటి ఏడాది నుంచే నీ పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో. నీ కంటే చిన్నవాళ్లయితే మేలు, నీతో వాదించేవాళ్లయితే ఇంకా మేలు.

వజ్రకరూరు గురించి నువ్వు రాసింది చదివి నాకు కోపం వచ్చింది. "అక్కడ సాహిత్యం ఏముందత్తా, రాళ్లు తప్ప" అన్నావు. మన మండలంలోనే కొనకొండ్ల ఉంది. జైనుల పూజ్య గ్రంథం "సమయసారం" ప్రాకృతంలో రాసిన కుందకుందాచార్యుడి ఊరు అదేనని చరిత్రకారులు చెబుతారు. అక్కడి గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. దేశమంతటి నుంచీ జైనులు వచ్చి చూసి పోతారు. మన ఊళ్లో భూగర్భశాస్త్రజ్ఞుల కింబర్లైటు మ్యూజియం చూడటానికి కూడా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కొనకొండ్ల బడి పిల్లలకు మాత్రం తమ ఊరి మీదుగా ఇంత పెద్ద రాత నడిచిందని ఎవరూ చెప్పరు. వాన బాగా తక్కువ పడే నేల ఇది. అదును తప్పితే చెనక్కాయ పోతుంది, పంట పోతే జనం బెంగళూరు పోతారు. అలాంటి ఊళ్లో పిల్లలు బడి మానేయకుండా ఉండటానికి సాహిత్యం ఒక్కటే చాలదు, నాకు తెలుసు. అయినా ఒక కవి వచ్చి వాళ్ల యాసలో వాళ్లతో రాయించి, ఆ రాతను వాళ్ల పేరుతో అచ్చేసి ఇస్తే, ఆ పిల్లల్లో ఒకరికైనా తమ మాట పనికొచ్చేదే అని తెలుస్తుంది. నేను పాతికేళ్లకు పైగా తెలుగు చెప్పిన బడుల్లో చూసి చెబుతున్న మాట ఇది.

మీ నాయనకు ఈ ఉత్తరం చూపించు. అంతా చదివి ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. ఏదైనా అంటే నాకు ఫోను చేయమను.

ట్రస్టు వాళ్లకు ఒప్పుకుంటూ రాసే ఉత్తరంలోనే మూడేళ్ల గడువు, రెండు సంతకాల చెక్కు, నీ పుస్తకాల మీద నిషేధం, ఈ మూడూ రాయి. నోటిమాటకు ఒప్పుకోవద్దు. చేరిన మొదటి ఏడాదిలోనే కొనకొండ్ల హైస్కూలుకు ఒక కవిని పంపు. బస్సు చార్జీ, భోజనం, గౌరవవేతనం ట్రస్టు ఖాతా నుంచి చెక్కుగా ఇవ్వు. రాత్రికి పడుకోవడానికి చోటు కావాలంటే మా ఇల్లుంది.

నీ మేనత్త